గోల్డ్ ఫిష్ తొట్టికి తలకిందుల సలహాలు

గోల్డ్ ఫిష్‌కి జబ్బు చేస్తే ఏ ఇంట్లోనైనా జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. రెక్కలు ముడుచుకుని ఒక మూల నిలబడిన చేపను ముందు పిల్లలు చూస్తారు. పెద్దవాళ్లు అక్వేరియం షాపుకు వెళ్లి నీలం మందు సీసా తెస్తారు. తొట్టి మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్లు తోమి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పిండి, కొత్త నీళ్లు నింపి, అందులో మందు చుక్కలు వేస్తారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఇంకో చేప మూలకు చేరుతుంది. మళ్లీ సీసా, మళ్లీ తోముడు. ఏడాది తిరిగేసరికి మొదట తెచ్చిన చేపల్లో ఒక్కటీ మిగలదు.

"గోల్డ్ ఫిష్‌లు అంతేనండీ, ఎక్కువ రోజులు ఉండవు" అని షాపులోనే ఓదారుస్తారు. ఆ మాట నమ్మకండి. సరిగా చూసుకుంటే ఇది 10, 15 ఏళ్లు బతికే చేప. 1956లో ఇంగ్లండ్‌లోని ఒక తిరునాళ్లలో బహుమతిగా ఇచ్చిన టిష్ అనే గోల్డ్ ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో చనిపోయింది. గిన్నిస్ రికార్డుల్లో దాని పేరు ఉంది. అంత ఆయుష్షు ఉన్న ప్రాణి మన ఇంట్లో మూడు నెలలకే పోతోందంటే దోషం దాని జాతిలో లేదు.

ఒకసారి వచ్చిన జబ్బు చేపది కావచ్చు. తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు మాత్రం తొట్టిది. ఇది మనసుకు పట్టించుకుంటే అలవాటుగా చేసే పనుల్లో చాలావాటిని తిరగేసి చేయాల్సి వస్తుంది. అందుకే కింద చెప్పే సలహాలు మొదటిసారి వింటే తలకిందులుగా అనిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అయినా పాటించండి.

మందు కొనకండి

కనీసం మొదటి రోజు కొనకండి. షాపుకు వెళ్లకుండా ఉండలేకపోతే అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ చూసే టెస్ట్ కిట్ కొనుక్కుని రండి. నీళ్లు తేటగా ఉన్నాయి కదా, ఇంక చూసేదేముంది అనిపిస్తుంది. అమ్మోనియాకు రంగు లేదు. చేప మొప్పల్ని కాల్చే మోతాదులో ఉన్నప్పుడు కూడా దాని వాసన మన ముక్కుకు అందదు.

కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువు రైతులు దీన్ని బాగా ఎరుగుదురు. చేప తేడాగా కనిపిస్తే ముందు చెరువు నీళ్లు సీసాలో పట్టి ల్యాబుకు పంపుతారు. తెల్లవారుజామున గట్టు మీద నిలబడి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయా అని చూస్తారు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకోవడంతో తెల్లవారేసరికి నీటిలో అది అడుగంటుతుంది కాబట్టి ఆ జాగ్రత్త. ఎకరాల చెరువుకే అంత పరీక్ష అవసరమైనప్పుడు 50 లీటర్ల తొట్టికి ఇంకెంత అవసరమో చూడండి. చెరువులో జరిగిన తప్పు పలచబడిపోతుంది, తొట్టిలో జరిగింది చేప చుట్టూనే ఉండిపోతుంది.

గోల్డ్ ఫిష్ మన శీలావతికీ బొచ్చెకీ దగ్గరి చుట్టం, కార్ప్ కుటుంబంలోది. చైనాలో వెయ్యేళ్లకు పైగా పెంచి, ఎంచి, ఈ రంగులూ ఈ రూపాలూ తెచ్చారు. దీనికి మనలాగా జీర్ణాశయం లేదు. తిన్నది నేరుగా పొడవాటి పేగులోకి పోతుంది. అందుకే ఎప్పుడూ ఏదో ఒకటి వెతుక్కుంటూ తింటుంది, ఎప్పుడూ విసర్జిస్తుంది. ఒంట్లో తయారైన అమ్మోనియాను ఎక్కువగా మొప్పల గుండానే బయటికి వదులుతుంది. నీటిలో అమ్మోనియా పెరిగితే రక్తంలోది బయటికి పోయే దారి మూసుకుపోతుంది. మొప్పలు వాస్తాయి, ఒంటి మీది జిగురు పొర చెదురుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దరి చేరని క్రిములు అప్పుడు పట్టుకుంటాయి. మనకు కనిపించేది ఆ చివరి దశే. రెక్క కుళ్లిందనో బూజు పట్టిందనో దానికి పేరు పెట్టి, ఆ పేరుకు మందు కొంటాం.

కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటి రెండిట్లో ఏది కనిపించినా తొట్టిలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా నీళ్లు తీసి, క్లోరిన్ లేని, అంతే వేడి ఉన్న నీళ్లు పోయండి. సున్నా వచ్చేదాకా రోజూ అదే పని. ఎయిర్ పంప్ రాత్రింబవళ్లు నడవనివ్వండి. చాలా తొట్ల జబ్బు ఇంతటితోనే వెనక్కి తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు మందు గురించి ఆలోచించవచ్చు. ఈ రెండు మూడు రోజుల ఆలస్యం చేపకు చేటు చేయదు, తెలియకుండా వేసిన మందు చేస్తుంది.

తొట్టి కడగకండి

అన్నిటికంటే కష్టంగా అనిపించే సలహా ఇదే, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. శుభ్రం అంటే తోమడం అని మనకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. తొట్టిలో శుభ్రం చేసేది మనం కాదు, స్పాంజికీ రాళ్లకీ గాజుకీ అంటుకుని బతికే బ్యాక్టీరియా. వాటిలో ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం అనుకున్నారు. మంచినీటి అక్వేరియం ఫిల్టర్లలో ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అని 1998లో అమెరికా పరిశోధకులు తేల్చారు. ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. కొత్త తొట్టిలో అవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

కుళాయి నీటిలో క్లోరిన్ ఉండేది బ్యాక్టీరియాను చంపడానికే. తాగునీటికి క్లోరిన్ కలిపినప్పుడు మన కుళాయికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఆ నీటి కింద స్పాంజిని పిండితే నెలన్నర కష్టం మోరీలో పోతుంది. తొట్టి తళతళలాడుతుంది, మర్నాటి నుంచే అమ్మోనియా పేరుకుంటుంది. కడిగిన రెండు మూడు వారాలకు చేపలు జబ్బు పడటంలో వింతేమీ లేదు. జబ్బు చేసిందని మళ్లీ కడిగితే లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి.

పెరుగు గిన్నె ఎంత శుభ్రంగా తోమినా తోడు మాత్రం పక్కకు తీసి ఉంచుతాం కదా, స్పాంజిని అలా చూడండి. నీళ్లు మార్చేటప్పుడు తొట్టిలోంచి తీసిన నీళ్లనే బకెట్‌లో ఉంచి, అందులో స్పాంజిని రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి తీసేయండి. మడ్డి పోతే చాలు, గోధుమ రంగు పోనక్కర్లేదు. ఫిల్టర్ కొత్తది కొంటే పాతదాన్ని వెంటనే తీసేయకుండా రెండూ కలిపి కొన్ని వారాలు నడపండి. కరెంటు చాలా గంటలు పోయి వస్తే, మూత బిగించిన ఫిల్టర్‌ను తెరిచి అందులో నిలిచిన నీళ్లు పారబోసి అప్పుడు ఆన్ చేయండి. గాలి అందక లోపల కుళ్లినదంతా లేకపోతే చేపల మీదకు వస్తుంది.

నీళ్లన్నీ ఒకేసారి మార్చడంలో ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. నెలల తరబడి నీళ్లు మార్చని తొట్టిలో పీహెచ్ మెల్లమెల్లగా పడిపోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అమ్మోనియాలో చాలా భాగం చేపకు అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. బోరు నీళ్లు మన ప్రాంతాల్లో చాలాచోట్ల గట్టి నీళ్లు, పీహెచ్ 8కి అటూ ఇటూ ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అదే అమ్మోనియాలో విషరూపంలో ఉండే వాటా తొమ్మిది, పది రెట్లు అవుతుంది. అడుగున మడ్డి, అందులో అమ్మోనియా మిగిలి ఉన్న పాత తొట్టిలో ముప్పాతిక వంతు బోరు నీళ్లు పోస్తే ఏమవుతుందో ఊహించండి. నిన్నటిదాకా ఎలాగో సర్దుకున్న చేప సాయంత్రానికి పక్కకు ఒరుగుతుంది. నీళ్లు మార్చాకే చచ్చిపోయింది, కాబట్టి నీళ్లు మార్చకూడదని కొందరు తీర్మానించేది ఇలాంటప్పుడే. పాడుబడ్డ తొట్టిని బాగుచేయాలంటే రోజుకు పదో వంతు చొప్పున మార్చుకుంటూ రావాలి.

బోరు నీళ్లలో క్లోరిన్ లేదు కదా అని పైపు నేరుగా పెట్టకండి. లోతు నుంచి వచ్చే నీటిలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉండవచ్చు. కుళాయి నీళ్లైనా బోరు నీళ్లైనా వెడల్పాటి టబ్‌లో ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజంతా ఉంచాకే వాడండి. తొందరైతే క్లోరిన్ విరిచే హైపో ఉంది, సోడియం థయోసల్ఫేట్ అనే పేరుతో దొరుకుతుంది.

ఆకలితో ఉంచండి

చేప నలతగా ఉంటే తిండి ఆపేయండి. బామ్మలకు ఈ మాట మింగుడు పడదు, జబ్బు పడ్డ ప్రాణికి నాలుగు మెతుకులు ఎక్కువ పెట్టాలనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గోల్డ్ ఫిష్ వారం రోజులు తినకపోయినా నిక్షేపంగా ఉంటుంది. జబ్బు పడ్డది తినదు. తినని గింజ అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది. రెండు రోజులు ఏమీ వేయకండి. తేరుకున్నాక రెండు నిమిషాల్లో ఖాళీ చేసేంతే వేయండి. ఇంట్లో ఒక్కరే వేయాలని నియమం పెట్టుకోండి. నాన్న పొద్దున, అమ్మ మధ్యాహ్నం, పిల్లలు బడి నుంచి వచ్చాక, తాతయ్య రాత్రి, ఇలా ప్రేమతోనే చాలా తొట్లు పాడవుతాయి.

ఒరాండా, ర్యుకిన్ లాంటి బొద్దు జాతులు తలకిందులుగా తేలితే అంటురోగమని భయపడకండి. గుండ్రటి ఒళ్లు, ఇరుకైన పేగు, నీటి మీద తేలే గింజలతో పాటు మింగిన గాలి చాలాసార్లు కారణం. ముందు ఉపవాసం, తర్వాత ఉడకబెట్టి తొక్క తీసిన పచ్చి బఠాణీ, ఇకపై మునిగే గింజలు. వెంటనే మందు కలపనక్కర్లేదు.

చుక్కలు పోయాక మందు ఆపకండి

ఇక మందు నిజంగా అవసరమయ్యే సందర్భం. ఒంటి మీదా రెక్కల మీదా ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్ల చుక్కలు, రాళ్లకేసి ఒళ్లు రుద్దుకోవడం కనిపిస్తే అది వైట్ స్పాట్. దానికి కారణమైన పరాన్నజీవి చేప చర్మం పైపొర కింద దాక్కుని ఉంటుంది, అక్కడికి మందు చేరదు. బాగా ఎదిగాక అది చేపను వదిలి అడుగున రాళ్లకో గాజుకో అంటుకుని, చుట్టూ పొర కట్టుకుని, లోపల వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు ఈదుతూ రెండు రోజుల్లోపల ఒక చేపను పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. మందు పనిచేసేది ఆ ఈదే పిల్లల మీద మాత్రమే.

అంటే చుక్కలు మాయమైన రోజు జబ్బు పోయిన రోజు కాదు, పురుగు అడుగున పిల్లల్ని పెడుతున్న రోజు. సరిగ్గా ఆ రోజే అందరూ మందు ఆపేస్తారు. వారం తిరిగేలోగా చుక్కలు రెట్టింపై వస్తాయి. నీళ్లు 25 డిగ్రీలు ఉంటే ఈ చక్రం వారంలోపే తిరుగుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. అందుకని ఆఖరి చుక్క పోయాక కూడా కనీసం పది రోజులు, చలికాలమైతే ఇంకా ఎక్కువ, సీసా మీద రాసిన విరామం ప్రకారం మందు కొనసాగించండి. ప్రతి మోతాదుకు ముందు అడుగున గులకరాళ్ల మధ్య నుంచి గొట్టంతో మడ్డిని లాగేయండి. నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, ఫిల్టర్ బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. దాన్ని వేరే టబ్‌లో స్నానానికి వాడుకోండి, అసలు తొట్టిలో వద్దు.

ఒక మాట. మగ గోల్డ్ ఫిష్‌కి ఈడు వచ్చాక మొప్పల మూతల మీద, ముందు రెక్కల మొదటి ముల్లు వెంట వరుసగా తెల్లటి గరుకు చుక్కలు వస్తాయి. అది జబ్బు కాదు, జోడు కోసం తయారైన గుర్తు. అది తెలియక మంచి మగచేపకు విషం పట్టించేవాళ్లు ఉన్నారు.

మొప్పల్లో చేరే పురుగులకు కూడా ఇలాంటి తంత్రమే ఉంది. వాటిలో గుడ్లు పెట్టే రకం ఒకటుంది, మందు పెద్దవాటిని చంపుతుంది, గుడ్లను చంపలేదు. కొన్ని రోజులు ఆగి ఇంకో విడత వేయకపోతే మొదటి విడత వృథా. చేప పేను, లంగరు పురుగు కంటికి కనిపిస్తాయి కాబట్టి వాటిని గుర్తించడం తేలిక.

మెడికల్ షాపులో టెట్రాసైక్లిన్ గుళిక కొని, విప్పి తొట్టిలో కలపమని చెప్పేవాళ్ల మాట అసలు వినకండి. గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఆ మందును పట్టేసుకుంటాయి, చేప ఒంట్లోకి వెళ్లేది అంతంత మాత్రం. మిగిలిన క్రిములు మాత్రం ఆ మందుకు అలవాటు పడతాయి. ఒళ్లు ఉబ్బి పొలుసులు విచ్చుకున్న చేపకు ఏ గుళికా పెద్దగా ఉపకరించదు, అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిని ఉంటాయి. దాన్ని విడిగా, ప్రశాంతంగా ఉంచడం ఒక్కటే మనం చేయగలిగేది. బాధగా ఉంటుంది, కానీ ఆ బాధలో మిగతా చేపల నీళ్లలో మందు గుమ్మరించకండి. ఇలాంటి తొట్టిలో చేతి మీద గాయం ఉన్నప్పుడు చెయ్యి పెట్టకండి, చేపల నుంచి మన చర్మానికి సోకే మొండి బ్యాక్టీరియా ఒకటుంది.

ఇంటి చిట్కాల్లో పసుపు వద్దు. ఉప్పు మంచిదే, కానీ తూకం వేసి. లీటరుకు ఒక గ్రాముతో మొదలుపెట్టి, రెండు రోజుల్లో మూడు గ్రాముల దాకా పెంచవచ్చు. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, హెచ్చవేసి, 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. నైట్రైట్ పెరిగినప్పుడు ఉప్పు ప్రాణం నిలబెడుతుంది. నైట్రైట్ రక్తంలోకి చేరితే రక్తం గోధుమ రంగుకు తిరిగి ఆక్సిజన్ మోయలేకపోతుంది. ఉప్పులోని క్లోరైడ్ దాన్ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. రాళ్లుప్పును బకెట్ నీళ్లలో కరిగించి పోయండి. నీళ్లు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు, కాబట్టి తగ్గిన నీటికి బదులు ఉత్త నీళ్లే పోయాలి. రెండు వారాల తర్వాత మార్పిడి నీళ్లతో ఉప్పును బయటికి పంపేయండి. "ఎప్పుడూ కాస్త ఉప్పు ఉంటే మంచిది" అనే మాటకు ఆధారం లేదు.

కొత్త చేప తేకండి

ఒక చేప పోగానే జోడు పోయిందని ఇంకోదాన్ని తేవడం మనకు ఆనవాయితీ. వాస్తు పేరుతో ఎనిమిది ఎర్రవి, ఒక నల్లది ఉండాలని లెక్క పెట్టుకున్న ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. చేప చస్తే ఇంటి దిష్టిని తీసుకుపోయిందని సంతోషించేవాళ్లూ ఉన్నారు. ఆ నమ్మకం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే చేప ఎందుకు చచ్చిందని ఎవరూ అడగకుండా చేస్తుంది. మీ దిష్టిని మోయడానికి అది పుట్టలేదు. అది చచ్చింది అమ్మోనియాతో.

చెన్నై కొళత్తూరులోనో కోల్‌కతా చుట్టుపక్కలో పుట్టిన చేప మన ఊరి షాపు చేరేలోగా ఎన్ని సంచులు, ఎన్ని టబ్బులు మారుతుందో ఆలోచించండి. ప్రతి టబ్‌లో పరిచయమైన పురుగులన్నీ దానితో వస్తాయి. 1992లో జపాన్‌లో మొదట గుర్తించిన హెర్పిస్ వైరస్ ఒకటి గోల్డ్ ఫిష్‌లను మూకుమ్మడిగా చంపుతుంది. బతికి బయటపడ్డ చేప పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే దాన్ని మోస్తుంది. దానికి మందు లేదు. కొత్త చేపను కనీసం నాలుగు వారాలు వేరే టబ్‌లో, వేరే వలతో, వేరే గొట్టంతో ఉంచి చూడటం ఒక్కటే రక్షణ. జబ్బు వచ్చిన తొట్టిలోకైతే ఆరు నెలలు ఎవరినీ తేకండి.

అసలు తేవడం కన్నా ఇచ్చేయడం గురించి ఆలోచించండి. రెండడుగుల తొట్టిలో రాళ్లు పోగా ఉండేవి 45 లీటర్ల నీళ్లు. బొద్దు జాతి గోల్డ్ ఫిష్ ఒక్కదానికే 70, 80 లీటర్లు కావాలి, తర్వాత ప్రతిదానికీ ఇంకో 40. పొడవాటి కామెట్ రకమైతే అడుగు దాకా పెరుగుతుంది, దానికి తొట్టే సరిపోదు. గుండ్రటి గాజు గిన్నెలో గోల్డ్ ఫిష్‌ను పెంచడాన్ని రోమ్ నగరం 2005లో నిషేధించింది. మన మున్సిపాలిటీలు కూడా ఆ పని చేస్తే నేను చప్పట్లు కొడతాను. తొట్టి పెద్దది కొనలేకపోతే చేపల్ని తగ్గించండి. రెండడుగుల తొట్టిలో ఆరు చేపలు పెట్టి ఏ మందు వాడాలని అడిగితే చెప్పడానికి నా దగ్గర మందు లేదు.

ఎండాకాలం ఈ లెక్కలు ఇంకా బిగుసుకుంటాయి. ఇది చల్లటి నీళ్ల చేప, 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. ఆ వేడిలో లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. మన మే నెలలో నీళ్లు 30 దాటితే ఏడున్నరకు పడుతుంది, చేపకు మాత్రం అప్పుడే ఎక్కువ కావాలి. ఐస్ గడ్డలు వేయకండి, ఆ ఊగిసలాట కూడా జబ్బుకు దారి తీస్తుంది. పైమూత తీసి వల కప్పి, నీటి ఉపరితలం మీదకు చిన్న ఫ్యాన్ తిప్పండి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉండాలి, నీలం మందు సీసా కన్నా అది ముందు కొనాల్సిన వస్తువు.

ఇవ్వడానికి ఎవరూ దొరకలేదని చేపల్ని ఊరి చెరువులోనో కాలువలోనో వదలకండి. దయ అనుకుని చేసే ఆ పనితో మీ తొట్టిలోని పేలూ లంగరు పురుగులూ శీలావతికీ బొచ్చెకీ అంటుకుంటాయి, వాటి మీద బతికే రైతుకు నష్టం. చచ్చిన చేపను కూడా నీళ్లలో వేయకండి, మట్టిలో లోతుగా పూడ్చండి. మందూ ఉప్పూ కలిపిన నీళ్లను డ్రైనేజీలో పోయండి. ఏమీ కలపని మార్పిడి నీళ్లను పారబోయకుండా కుండీల్లో కరివేపాకుకూ మల్లెకూ పోయండి, వాటిలో ఉన్న నైట్రేట్ మొక్కలకు ఎరువు.